రోగిని ఎంతవరకు వేరుగా ఉంచాలి? – పాఠకుల ప్రశ్నలు, నర్సింగ్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: జబ్బు ఇతరులకు అంటకుండా రోగిని వేరుగా ఉంచాలా, ఉంచితే ఏయే విషయాల్లో, ఎన్నాళ్ళు? దీనికి అన్ని జబ్బులకూ సరిపోయే జవాబు లేదు. క్రిమి ఒకరి నుంచి మరొకరికి ఏ దారిన వెళ్తుందో తెలిస్తే ఆ దారి ఒక్కటి మూస్తే చాలు. తెలియనప్పుడు అక్కరలేని దారులన్నీ మూసి, అసలు దారిని తెరిచి ఉంచుతాము. కింది ఉత్తరాల్లో కొన్నింటిలో అదే కనిపించింది. స్థలాభావం వల్ల ప్రశ్నలను కుదించాము.

ప్రశ్న: మా కోడలికి ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. మూడు వారాలుగా ప్రభుత్వ ఆస్పత్రి మందులు వాడుతోంది. కంచం, గ్లాసు, బకెట్టు, పక్కబట్టలు అన్నీ వేరుచేసి వెనక గదిలో ఉంచాము. చల్లగాలి తగలకూడదని కిటికీ మూసి ఉంచుతున్నాము. నాలుగేళ్ళ మనవణ్ణి ఆమె దగ్గరికి పోనివ్వడం లేదు. ఇంకా ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, తణుకు

ముందు ఆ కిటికీ తెరవండి అమ్మా. క్షయ క్రిమి గాలిలో ప్రయాణిస్తుంది. రోగి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు బయటపడే అతి సూక్ష్మమైన తుంపరలు, గాలి ఆడని చీకటి గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. గాలి ధారాళంగా వచ్చిపోయే గదిలో అవి పలచబడి చెదిరిపోతాయి. ఎదురెదురుగా కిటికీ, తలుపు తెరిచి ఉండి కొంత ఎండ కూడా పడే గది ఆమెకూ మంచిది, ఆమె దగ్గరికి అన్నం పట్టుకెళ్ళే మీకూ మంచిది. కంచం, గ్లాసు విషయానికి వస్తే, క్షయ తిండి పాత్రల ద్వారా అంటదు. అందరి గిన్నెలతో పాటు సబ్బుతో తోమితే సరిపోతుంది. అంటే మీ ఇంట్లో ప్రమాదం లేని దారికి కాపలా పెట్టి, ప్రమాదం ఉన్న దారిని వదిలేశారన్నమాట.

మందులు పనిచేసే రకం క్షయ అయితే, రోజూ తప్పకుండా వేసుకుంటున్నప్పుడు, సుమారు రెండు వారాలకే ఇతరులకు అంటించే శక్తి చాలావరకు తగ్గిపోతుంది. మూడు వారాలు గడిచాయి గనుక, కళ్ళెను సీబీ-నాట్ లేదా ట్రూనాట్ యంత్రంలో పరీక్షించారా, క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని తేలిందా అని ఆస్పత్రిలో అడగండి. లొంగే రకమే అయితే, ఇక ఆమెను వెనక గదికి పరిమితం చేయవలసిన అవసరం ఉందో లేదో డాక్టరే చెబుతారు. దగ్గు ఉన్నన్నాళ్ళు నోటికి మాస్కుగానీ శుభ్రమైన గుడ్డగానీ అడ్డు పెట్టుకోవడం, కళ్ళెను మూత ఉన్న డబ్బాలో ఉమ్మి మరుగుదొడ్డిలో పోసి నీళ్ళు కొట్టడం, పిల్లలతో ఒకే మంచం మీద పడుకోకపోవడం మాత్రం కొనసాగించాలి. మొత్తం చికిత్స మామూలుగా ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు తగ్గి, ఒళ్ళు చేసి, ఇక మందులెందుకని మానేసేవారిలో మందులకు లొంగని మొండి క్షయ పుట్టవచ్చు.

మనవడి సంగతి మరింత ముఖ్యం. జబ్బు బయటపడకముందు, ఆమె దగ్గుతూ తిరిగిన రోజుల్లోనే అతను ఆ గాలి పీల్చి ఉంటాడు. ఇప్పుడు దూరంగా ఉంచినంత మాత్రాన ఆ లెక్క సరిపోదు. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలి. అయిదేళ్ళ లోపు పిల్లలకు జబ్బు లేదని తేలిన తర్వాత కూడా, రాకుండా ఉండేందుకు మందు ఇస్తారు. పుట్టగానే బీసీజీ వేయించాము కదా అని ఊరుకోవద్దు.

రోగిని ఇంటి నుంచి పంపేయాలా అన్న ప్రశ్న కొత్తది కాదు. సరైన మందులు లేని కాలంలో క్షయ రోగులను మంచి గాలి ఉన్న చోట్లకు పంపేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910లలో వెలిసిన శానిటోరియం అలాంటిదే. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం కొందరు రోగులకు శానిటోరియంలోనూ, మరికొందరికి వారి ఇరుకిళ్ళలోనూ ఒకే మందులు ఇచ్చి చూసింది. శానిటోరియంలో తిండి, విశ్రాంతి మెరుగ్గా ఉన్నా, ఇంట్లో ఉన్నవారూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లో చికిత్స పొందినవారి కుటుంబసభ్యులకు జబ్బు ఎక్కువగా అంటలేదని కూడా తేలింది. ప్రపంచమంతటా క్షయకు ఇంటి దగ్గరే మందులివ్వడానికి దారి తీసిన పరిశోధన అది. కనుక ఆమెకు వేరు కంచం కంటే అందులో పప్పు, గుడ్డు, పాలు ఎంత పడుతున్నాయన్నదే చూడండి. క్షయ రోగుల పోషకాహారం కోసం ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స కాలంలో నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఆమె బ్యాంకు ఖాతా నమోదైందో లేదో కనుక్కోండి. ఒక్కమాట అడగకుండా ఉండలేకపోతున్నాను: ఇదే జబ్బు మీ అబ్బాయికి వచ్చి ఉంటే కంచం ఇంత తొందరగా వేరయ్యేదా?

ప్రశ్న: నేను నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఆస్పత్రిలో ఒక ఐసోలేషన్ గది తలుపు ఎప్పుడూ మూసి ఉండాలంటారు, పక్క గదికి ఆ నియమం లేదు. ఒకచోట ఎన్-95, మరోచోట మామూలు మాస్కు, ఇంకోచోట గౌను, గ్లౌజులు. అందరికీ అన్నీ ఎందుకు పెట్టరు? – ఒక విద్యార్థిని, వరంగల్

ఆస్పత్రి జాగ్రత్తలు రెండు అంచెల్లో ఉంటాయి. మొదటి అంచె, జబ్బు పేరు తెలిసినా తెలియకపోయినా, వార్డులో ఉన్న ప్రతి రోగికీ వర్తిస్తుంది: చేతుల శుభ్రత, రక్తంగానీ ఇతర శరీర ద్రవాలుగానీ తగిలే పనికి గ్లౌజులు, చిందే పనికి గౌను, కళ్ళద్దాలు, వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకుండా నేరుగా తెల్లటి గట్టి డబ్బాలో వేయడం. హెచ్ఐవీ, హెపటైటిస్-బి ఉన్నవారి నుదుటి మీద ఆ మాట రాసి ఉండదు గనుకనే ఈ అంచె అందరికీ పెట్టారు. అవి ఉన్నాయని తెలిసిన రోగిని మూలమంచానికి పంపడం, కేసుషీటు మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాయడం ఏ రకంగానూ నర్సింగ్ అనిపించుకోదు.

రెండో అంచె క్రిమి దారిని బట్టి ఉంటుంది. మందులకు లొంగని స్టాఫిలోకాకస్ అనే క్రిమి, గజ్జి, విరేచనాల జబ్బులు చేతుల ద్వారా, వస్తువుల ద్వారా పాకుతాయి. వీటికి గౌను, గ్లౌజులు, ఆ రోగికే ప్రత్యేకించిన స్టెతస్కోపు, బీపీ మిషన్ కావాలి. గవదబిళ్ళలు, కోరింత దగ్గు, కంఠసర్పి, ఫ్లూ వంటివి పెద్ద తుంపరలతో ఒకటి రెండు మీటర్ల దూరం వెళ్ళి కిందపడతాయి. దగ్గరికి వెళ్ళేటప్పుడు మామూలు సర్జికల్ మాస్కు చాలు, తలుపు తెరిచి ఉన్నా నష్టం లేదు. క్షయ, తట్టు, ఆటలమ్మ గాలిలో తేలుతాయి. తట్టు రోగి గది వదిలి వెళ్ళిన రెండు గంటల వరకూ ఆ గాలి అంటించగలదు. మూసి ఉంచమన్న తలుపు ఇలాంటి రోగిది అయి ఉంటుంది. ఆ గదిలో గాలిపీడనం వరండాలో కంటే తక్కువగా ఉంచి, గాలి లోపలికే వెళ్ళి బయటి గోడ వైపునుంచి పోయేలా ఏర్పాటు చేస్తారు. అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే తలుపు మూసి, కింది సందు దగ్గర పలచని టిష్యూ కాగితం పట్టుకోండి: గదివైపు లాగితే సరే, మీవైపు ఊగితే వెంటనే సిస్టర్ ఇన్‌చార్జికి చెప్పాలి. అలాంటి గదులు లేని జిల్లా ఆస్పత్రుల్లో పెద్ద కిటికీలున్న, వార్డు చివరి గది ఎంచుకుంటారు. గదులే చాలనప్పుడు ఒకే జబ్బు ఉన్నవారిని ఒక వరసలో, మంచానికీ మంచానికీ కనీసం మీటరు ఎడం ఉంచి పడుకోబెడతారు.

అందరికీ అన్నీ పెడితే రక్షణ పెరగదు. ఎన్-95 వేసుకుని ఎనిమిది గంటలు పనిచేసేవారికి ఊపిరాడక చేయి పదే పదే మాస్కు మీదికే పోతుంది. విప్పే వరసలోనే ఎక్కువ మంది కలుషితమవుతారు: ముందు గ్లౌజులు, తర్వాత కళ్ళద్దాలు, తర్వాత గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి తీయడం, గది బయటికి వచ్చి తలుపు మూశాక చివరగా ఎన్-95, ఆపైన చేతులు. మాస్కు ముందుభాగం ముట్టుకోకుండా వెనక తాళ్ళు పట్టుకుని తీయాలి.

చేతులు శుభ్రం చేసుకోవలసిన అయిదు సందర్భాలు మీ పాఠంలో ఉంటాయి: రోగిని ముట్టుకునే ముందు, సూది, డ్రెస్సింగ్ వంటి శుభ్రమైన పనికి ముందు, శరీర ద్రవాలు తగిలిన తర్వాత, రోగిని ముట్టుకున్న తర్వాత, రోగి చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకున్న తర్వాత. పరీక్షలో అయిదూ గడగడా రాసేవారు వార్డులో మరిచిపోయేది అయిదోదాన్ని. సెలైన్ స్టాండు జరిపి, మంచం కమ్మీ పట్టుకుని, రోగిని ముట్టుకోలేదు కదా అని పక్క మంచానికి వెళ్ళిపోతారు. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బునీళ్ళయితే 40 నుంచి 60 సెకన్లు. విరేచనాల వార్డులో సబ్బునీళ్ళే వాడండి; కొన్ని క్రిముల గింజలు (స్పోర్లు) ఆల్కహాలుకు చావవు.

ఇంకొకటి. వేరు గదిలో ఉన్న రోగి దగ్గరికి సిబ్బంది వెళ్ళడం తగ్గుతుందని పరిశీలనల్లో తేలింది. గౌను వేసుకునే శ్రమకు జంకి, గంటకు చూడవలసినవారిని రెండు గంటలకు చూస్తారు. అందుకే లోపలికి వెళ్ళేముందే మందులు, మంచినీళ్ళు, దుప్పటి, బీపీ మిషన్ అన్నీ ట్రేలో సర్దుకుని వెళ్ళి, ఉన్న ఆ కాసేపూ తొందరపడకుండా ఉండండి. మాస్కు వెనక మీ ముఖం కనిపించదు గనుక వెళ్ళగానే పేరు చెప్పండి.

ప్రశ్న: మా మనవడికి, తొమ్మిదేళ్ళవాడికి, మొన్న ఆటలమ్మ పోసింది. అయిదో నెల గర్భంతో మా అమ్మాయి పుట్టింట్లోనే ఉంది. గుమ్మానికి వేపమండలు కట్టాము. పిల్లవాడికి స్నానం ఆపాము. అమ్మాయిని వేరే ఊరు పంపమంటారా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

వేపమండలు తీయమని చెప్పను. ఆ గుమ్మం చూసి చుట్టుపక్కల చంటిపిల్లల తల్లులు లోపలికి రాకుండా ఆగుతారు. ఆస్పత్రి తలుపుకు అంటించే బోర్డు చేసే పని అదే. అయితే ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే అంటుతుంది. కాబట్టి ఒకే ఇంట్లో ఉన్న మీ అమ్మాయి ఇప్పటికే ఆ గాలి పీల్చింది. ఇప్పుడు తేలవలసిన ప్రశ్న ఒకటే: ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా, లేదా రెండు డోసుల టీకా పడిందా? వచ్చిందని మీకు కచ్చితంగా గుర్తుంటే దాదాపు నిశ్చింతగా ఉండవచ్చు. ఏమాత్రం సందేహమున్నా ఈరోజే ఆమె చూపించుకునే డాక్టరుకు ఫోను చేయండి. రక్తంలో రక్షణ ఉందో లేదో పరీక్షిస్తారు; లేకపోతే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూదిమందు గురించి ఆలోచిస్తారు. దానికి పది రోజుల గడువు ఉన్నా, ఎంత ముందు ఇస్తే అంత మేలు. టీకా మాత్రం గర్భంతో ఉండగా వేయరు.

ఫోను చేయమనడానికి కారణం ఉంది. ఆమెకు రక్షణ లేకపోతే, తగిలిన ఎనిమిదో రోజు నుంచి ఇరవయ్యొకటో రోజు వరకు పొక్కులు రాకముందే ఆమె కూడా ఇతరులకు అంటించవచ్చు. గర్భిణుల ఓపీలో బెంచీ మీద గంటసేపు కూర్చుంటే పక్కనున్న పదిమందికీ ఆ ప్రమాదం. ముందే చెబితే విడిగా చూసే ఏర్పాటు చేస్తారు. వేరే ఊరు పంపడం కూడా ఈ కారణంగానే ఆలోచించి చేయవలసిన పని. అక్కడి ఇంట్లో చంటిపిల్లలుగానీ మరో గర్భిణిగానీ ఉంటే పంపవద్దు. జ్వరం, పొక్కులు, ముఖ్యంగా దగ్గు, ఆయాసం కనిపిస్తే ఆమెను ఆస్పత్రిలో చేర్చవలసి రావచ్చు, ఎందుకంటే పెద్దవారిలో, అందులోనూ గర్భిణుల్లో, ఆటలమ్మ ఊపిరితిత్తులకు పాకవచ్చు.

పిల్లవాణ్ణి పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా వేరు గదిలో ఉంచండి. మామూలుగా అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అతనికి సేవ చేసేవారు చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారై ఉండాలి. స్నానం ఆపవద్దు. గోరువెచ్చని నీళ్ళు పోసి, రుద్దకుండా, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. వేపాకు నీళ్ళు పోయాలనుకుంటే అభ్యంతరం లేదు. చెమట, మురికి పేరుకున్న చర్మం మీద గోకితే చీము పడుతుంది, మచ్చలు మిగిలేది ఎక్కువగా అలాగే. గోళ్ళు కత్తిరించండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్ ఇవ్వకూడదు, ఐబూప్రొఫెన్ కూడా వద్దు. పథ్యం పేరుతో కడుపు మాడ్చకుండా పెరుగన్నం, కొబ్బరినీళ్ళు, మెత్తని పదార్థాలు పెట్టండి. పిల్లవాడు మత్తుగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచి పాకుతున్నా అమ్మవారు తల్లి చూసుకుంటుందని ఇంట్లో ఉంచకండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. విజయవాడలో ఉన్న మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచానికే పరిమితమైంది. ఏజెన్సీ ద్వారా ఒక అటెండెంటును పెట్టాము. వీడియో కాల్‌లో చూస్తే ఆమె ఎప్పుడూ గ్లౌజులతోనే ఉంటుంది, శుభ్రంగా చూస్తోందనే అనుకున్నాము. కానీ నడుము కింద ఎర్రమచ్చ వచ్చింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రెండోసారి వచ్చింది. ఎక్కడ పొరపాటు? – ఒక పాఠకుడు

మొదట ఆ గ్లౌజుల గురించే చెబుతాను. పొద్దున తొడిగిన జతతోనే ఆమె డైపర్ మార్చి, యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, ఫ్రిజ్ తలుపు తీసి, మీ ఫోను పట్టుకుంటే, ఆ గ్లౌజులు రక్షిస్తున్నది ఆమె చేతులను మాత్రమే. ఒక పనికి ఒక జత. పని అయిన వెంటనే తీసి పారేసి చేతులు కడుక్కోవాలి. గ్లౌజుల మీద శానిటైజర్ రాసుకోవడం కడుక్కోవడం కింద లెక్క కాదు. ఉంగరాలు, మోచేతిదాకా గాజులు ఉన్న చేయి శుభ్రపడదు గనుక పని వేళల్లో తీసి పెట్టమని మర్యాదగా చెప్పండి. ఏజెన్సీలు చాలావరకు ఇవేవీ నేర్పకుండానే మనుషుల్ని పంపుతాయి. ఆమెను తప్పుపట్టేముందు ఒక పూట అనుభవం ఉన్న నర్సును ఇంటికి పిలిపించి దగ్గరుండి నేర్పించడం మేలు.

మూత్రం పోయేందుకు పెట్టిన ట్యూబు (కాథెటర్) విషయంలో చూడవలసినవి: సంచీ ఎప్పుడూ మూత్రాశయం కంటే కింద ఉండాలి, కానీ నేలకు తగలకూడదు. ఒక పక్కనుంచి మరో పక్కకు తిప్పేటప్పుడు సంచీని అమ్మగారి పొట్టమీదుగా వేస్తారు. ఆ క్షణంలో పాత మూత్రం వెనక్కి పోతుంది. మూడింట రెండొంతులు నిండేలోపే ఖాళీ చేయాలి, ఖాళీ చేసే గొట్టం మూతి బకెట్టు అంచుకు తగలకూడదు. ట్యూబునూ సంచీనీ కలిపే చోట విడదీయకూడదు. మలవిసర్జన తర్వాత ముందునుంచి వెనకకే తుడవాలి. మూత్రం కాస్త మసకగా కనిపించినప్పుడల్లా యాంటీబయాటిక్ మొదలుపెట్టడం కూడా సరికాదు. జ్వరం, వణుకు, కొత్తగా వచ్చిన అయోమయం ఉన్నాయా అన్నది చూసి డాక్టరు నిర్ణయిస్తారు. అన్నింటికంటే ముందు, ఆ కాథెటర్ ఇంకా అవసరమా అని అడగండి. డైపర్ మార్చే శ్రమ తప్పుతుందని ఉంచేసిన కాథెటర్లు మన ఇళ్ళలో ఎన్నో.

ఎర్రమచ్చను వేలితో నొక్కి చూడమనండి. నొక్కినప్పుడు తెల్లబడి వదలగానే ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. దానిమీద మర్దనా చేయకూడదు, లోపలి కణాలు మరింత నలుగుతాయి. పౌడరు అద్దితే చెమటకు గడ్డకట్టి ఒరుసుకుంటుంది. నడుము కింద పెట్టే గుండ్రటి రబ్బరు రింగు కూడా వద్దు. రింగు అంచు చుట్టూ రక్తం ఆగుతుంది. చేయవలసింది రెండు గంటలకోసారి పక్క మార్చడమే: ఎడమ, వెల్లకిల, కుడి. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది గనుక, వీపు వెనక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీల వాలుగా ఉంచాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చేయాలి. పైకి జరపవలసి వచ్చినప్పుడు చంకల్లో చేతులు వేసి లాగితే చర్మం పరుపుకు ఒరుసుకుని చిట్లుతుంది. నాలుగు మడతలు పెట్టిన పాత నేత చీరను భుజాలనుంచి తొడలదాకా కింద పరిచి ఉంచి, చెరో పక్కన పట్టుకుని ఎత్తి జరపాలి. ఎయిర్ బెడ్ కొన్నారు కదా అని తిప్పడం మానకూడదు. గోడకు ఒక కాగితం అంటించి, తిప్పిన వేళ, ఏ పక్కకు తిప్పారో అందులో రాయించండి. రాత్రి రెండు గంటలకు మీకు అక్కడ పగలే గనుక, ఆ వేళ ఫోను చేసే బాధ్యత మీరు తీసుకోవచ్చు.

రోజుకు రెండుసార్లు పళ్ళు, నాలుక శుభ్రం చేయించండి; పక్షవాత రోగుల్లో నోట్లోని క్రిములే లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. ముక్కుగొట్టం ఉంటే, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తిపెట్టి ఆహారం పోసి, తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచాలి.

ప్రశ్న: హాస్టల్ నుంచి కామెర్లతో వచ్చిన మా అబ్బాయిని గదిలో విడిగా ఉంచాలా? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

కలుషితమైన నీళ్ళవల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ రకాలైతే గదికంటే మరుగుదొడ్డి ముఖ్యం. క్రిమి మలంలో పోయి చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా నోటికి చేరుతుంది. వీలుంటే మరుగుదొడ్డి వేరు చేయండి. వీలు కాకపోతే వాడిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం, మగ్గు, కుళాయి పిడి శుభ్రం చేయడం తప్పనిసరి. కళ్ళు పచ్చబడిన తర్వాత సుమారు వారం వరకు అతను వంటింట్లో చేయి పెట్టకూడదు, మంచినీళ్ళ బిందెలో గ్లాసు ముంచకూడదు. పక్కన కూర్చుని మాట్లాడితే ఏమీ కాదు. ఇంట్లో గర్భిణి ఉంటే హెపటైటిస్-ఇ ఆమెకు ప్రాణాంతకం కావచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. బి, సి రకాలు ప్రధానంగా రక్తం ద్వారా అంటేవి గనుక వాటికి రేజరు, టూత్‌బ్రష్, సూదులు వేరు చేయాలి. పసరు మందు పోయించవద్దు. అసలే వాచిన కాలేయానికి ఆ భారం కూడా ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది. పరామర్శకు వచ్చిన బంధువులను నర్సులు లోపలికి రానివ్వలేదు, పూలగుత్తి కూడా బయటే పెట్టించారు. ఇది మరీ అతి కాదా? – ఒక పాఠకుడు, కర్నూలు

కాదు. తెరిచి కుట్టిన ఛాతీ, మెడ రక్తనాళంలో మందులెక్కించే గొట్టం (లైను), మూత్రనాళంలో ట్యూబు: క్రిమికి మామూలుగా మూసి ఉండే ద్వారాలన్నీ కొన్నాళ్ళు తెరిచి ఉన్న మనిషి ఆయన. బస్సు దిగి నేరుగా వచ్చి, చేయి పట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ అదే చేయి పట్టుకునే బంధువులు పదిమంది వస్తే ఆ పదిమంది చేతుల మీద ఉన్నదంతా ఆయనకు చేరుతుంది. కుండీలో నిలవ నీళ్ళతో ఉండే పూలను ఐసీయూలోకి చాలాచోట్ల అనుమతించరు. అయినా ఆయనకు తన మనుషులు కనిపించాలి. ఇంట్లో ఇద్దరిని నిర్ణయించుకోండి. జలుబు, విరేచనాలు, చర్మం మీద కురుపులు లేనివారే వెళ్ళాలి. లోపలికి వెళ్ళేముందూ బయటికి వచ్చాకా చేతులు శుభ్రం చేసుకోవాలి. మంచం అంచున కూర్చోకూడదు. మిగతావారు ఫోనులో మాట్లాడవచ్చు, రక్తం ఇవ్వవచ్చు, బయట మీకు కాఫీ ఇప్పించవచ్చు. గంటల కొద్దీ కళ్ళు కాయలు కాచేలా కూర్చున్న మీకు అది తక్కువ సాయమేమీ కాదు.

ప్రశ్న: మా అక్కయ్యకు కీమోథెరపీ నడుస్తోంది. ఆమె జబ్బు అంటువ్యాధి కాదు కదా, అయినా విడిగా ఉంచమన్నారు. ఎందుకు? – ఒక పాఠకురాలు, అనంతపురం

ఇది ఎదురు దిశలో జరిగే ఐసోలేషన్. ఆమె నుంచి మనల్ని కాకుండా, మన నుంచి ఆమెను కాపాడడం. కీమో ఇచ్చిన తర్వాత, మందును బట్టి, సాధారణంగా ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు అట్టడుగుకు పడిపోతాయి. క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే కణాలు మైక్రోలీటరుకు 500 కంటే తగ్గితే, మామూలు మనిషికి తెలియను కూడా తెలియని క్రిమి ఆమెను ఒక్కరోజులో పడగొట్టగలదు. ఆ స్థితిలో చీము పట్టదు, వాపు అంతగా కనిపించదు. జ్వరం ఒక్కటే సంకేతం. అందుకని ఇంట్లో థర్మామీటరు పెట్టుకోండి. 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళి, కీమో నడుస్తోందన్న మాట క్యాజువాలిటీలో అందరికంటే ముందు చెప్పండి.

ఇంట్లో జలుబు చేసినవారు, కొత్తగా ఆటలమ్మ పోసిన పిల్లలు ఆమె గదికి వెళ్ళకూడదు. పండ్లు కడిగి తొక్క తీసి ఇవ్వండి. బండిమీద కోసి పెట్టిన ముక్కలు, పచ్చిపాలతో చేసిన పంచామృతం, గుడినుంచి తెచ్చిన తీర్థం ఆ రోజుల్లో వద్దు. ప్రసాదం వద్దనడానికి పెద్దవారికి నోరు రాదు గనుక మీరే ముందుగా చెప్పి పెట్టండి. పూలకుండీల మట్టి ముట్టుకోకూడదు. మెత్తటి బ్రష్ వాడాలి, ఎనిమా ఇవ్వకూడదు. అయితే ఆమెకు వచ్చే ఇన్‌ఫెక్షన్లలో చాలావరకు ఆమె పేగుల్లో, చర్మం మీద ఉన్న క్రిములవల్లే వస్తాయి. కాబట్టి రోజూ స్నానం, నోటి శుభ్రత, మెడలోగానీ చేతికిగానీ ఉన్న లైను శుభ్రత, నలుగురినీ దూరం పెట్టడం కంటే ఎక్కువ రక్షిస్తాయి. తెల్లకణాలు తిరిగి పెరిగాక ఆమె పెరట్లో తిరగవచ్చు, అందరితో కలిసి భోంచేయవచ్చు. ఆరు నెలల చికిత్స పొడుగునా ఆమెను తలుపు వెనక ఉంచమని ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న: రోగి వాంతి చేసుకున్న నేలను ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిపి కడగమని ఒకరు చెప్పారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు. బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన స్నానాలగదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. గ్లౌజులు వేసుకుని, వాంతిమీదగానీ రక్తంమీదగానీ పాత కాగితాలు పరిచి పీల్చనిచ్చి, వాటిని సంచీలో వేసి మూతి కట్టండి. లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, తేరిన నీళ్ళను ఆ చోట పోసి పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచి, తర్వాత మామూలు నీళ్ళతో తుడవండి. మురికి తీయకుండా పోస్తే క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోతుంది. స్టీలు మంచం, కమ్మీల మీద వాడితే వెంటనే తడిగుడ్డతో తుడవకపోతే తుప్పు పడుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి, ఆయాసం ఉన్న రోగిని ఆ కాసేపు మరో గదిలోకి మార్చండి. మిగిలిన నీళ్ళు మర్నాటికి పనిచేయవు, ఏరోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి.